సాక్ష్యం లేని పేరు

మా ఊరు అమ్మేదర తూర్పు ద్వారం దాటి కార్తేజ్ దారి పడితే రెండు పక్కలా సమాధులే. వాటి మీద చెక్కిన పద్యాల్లో సగానికి పైగా యాదేర్ అయ్యవారు కట్టినవి. కింద ఆయన పేరు ఉండదు. పద్యం కట్టినవాడు తన పేరు చెక్కించుకుంటే పోయినవాళ్ళ చోటు ఆక్రమించినట్టని మా ఊళ్ళో అనుకుంటారు. అయినా నాకు తెలుస్తుంది. మూడో గణం మధ్యలో ఆయన పాదాన్ని విరిచే తీరు నాకు చేతిరాతంత పరిచయం.

నేను ఆయన దగ్గర చదువుకున్నాను. తర్వాత పన్ను ధాన్యం గిడ్డంగిలో గుమాస్తాగా చేరి, ముసలివాణ్ణయ్యేదాకా అక్కడే ఉన్నాను. నాకు మాట్లాడటం పెద్దగా రాదు, చదవడం ఇష్టం. సాయంత్రాలు ఆయన ఇంటికి వెళ్ళి పుస్తకాలు తెచ్చుకునేవాణ్ణి. అలా వెళ్ళి వెళ్ళి, శిష్యుడు స్నేహితుడైన సంగతి ఇద్దరం గమనించలేదు. ఇప్పుడు నాకు ఆయన పోయేనాటి వయసు దాటింది. ఆయన గురించి ఎవరూ ఏమీ రాయలేదు. రాయదగ్గ పనులు ఆయన చేయలేదనే అందరూ అంటారు.

ఆయన తండ్రి ఆలివ్ నూనె గానుగలో పనివాడు. తల్లికి మా పాత ఇంటి భాష ప్యూనిక్ తప్ప మరో భాష రాదు. పిల్లవాడి గొంతు బాగుందనీ, ఒకసారి విన్నది మర్చిపోడనీ గానుగ యజమాని బడిలో వేశాడు. ఆ జ్ఞాపకశక్తే ఆయన్ని బతికించింది. పెద్దయ్యాక బజారు వసారాలో ఒక మూల తెర కట్టుకుని, పిల్లలకి పాత లాటిన్ కవుల్ని చెప్పే అయ్యవారయ్యాడు.

పద్యం అంటే మాకు గురువులూ లఘువులూ. ఆరు గణాలు కలిస్తే ఒక పాదం. ఒక్కో గణానికి ముందు ఒక గురువు, దాని వెనక రెండు లఘువులు, లేదా వాటి బదులు ఇంకో గురువు. జంట హల్లు ముందున్న అక్షరం గురువు అవుతుంది, అది కళ్ళతో చూసి చెప్పచ్చు. చిక్కంతా ఒంటరి అచ్చుతో. మా రాతలో పొడుగు అచ్చుకీ పొట్టి అచ్చుకీ గుర్తు ఒకటే. ఏది ఏదో చెవి చెప్పాలి. ఆ చెవి మాకు లేదు.

ఒకప్పుడు ఉండేదట. చెడు అనే మాటకీ ఆపిల్ పండు అనే మాటకీ మొదటి అచ్చులో తేడా ఉండేదనీ, గాడిదలు తోలేవాడు కూడా ఆ తేడా విని నవ్వేవాడనీ పాత వ్యాఖ్యానాల్లో ఉంది. మేం రెండింటినీ ఒక్కలాగే పలుకుతాం. ఊనిక పడ్డ చోట అక్షరం కాస్త సాగుతుంది, పడని చోట ముడుచుకుంటుంది. అంతకు మించి మా నోటికీ తెలియదు, చెవికీ తెలియదు. మా ఆఫ్రికావాళ్ళ నాలుకే మొద్దుబారిందేమోనని చాలాకాలం సిగ్గుపడేవాళ్ళం. ఒక ఏడు రోమ్ నుంచి ఒక పండితుడు తెవెస్తే పట్నానికి వెళ్తూ మా ఊళ్ళో ఆగాడు. అయ్యవారు స్నానశాలలో ఆయన పక్కన చేరి మెల్లగా అడిగారు.

"అక్కడ మీకు వినపడుతుందా, అయ్యా?"

ఆయన ఒంటికి నూనె రాయించుకుంటూ అటూ ఇటూ చూసి అన్నాడట, "మా తాత విన్నానని చెప్పేవాడు. మా నాన్న నమ్మేవాడు కాదు."

ఆ మాట చెప్పినప్పుడు అయ్యవారు నవ్వలేదు.

వినపడనప్పుడు మిగిలింది సాక్ష్యం. ఒక మాటలో ఫలానా అచ్చు గురువని ఎలా తెలుస్తుంది? పాత కవి ఎవరో ఆ మాటని ఒక పాదంలో వాడి ఉంటాడు. ఆ చోట గురువు తప్ప ఇంకోటి ఇమడదు. కాబట్టి అది గురువు. మాటకి ఒక పాదం చొప్పున అయ్యవారి తలలో పోగై ఉండేవి. పిల్లలు ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు.

"అయ్యవారూ, ఉల్లిపాయ?"

ఆయన కళ్ళు మూసుకునేవారు. వేలు బల్ల మీద ఆడేది. పాదం బయటికి వచ్చేది. "మొదటిది గురువు. చాలా? ఇక కూర్చో, నీ నోట్లోంచి కూడా అదే వాసన."

పద్యం చదివేటప్పుడు పిల్లలు ఊనిక ఎక్కడ పడితే అక్కడ గురువు వేసేసేవాళ్ళు. ఆయన కొట్టేవారు కాదు. బెత్తం కొసతో మోకాలి మీద ఆ గణం తట్టి, "ఇక్కడ," అనేవారు. "ఇక్కడ పొడుగు. నీకు వినపడదు, నాకూ వినపడదు. కానీ ఇక్కడ పొడుగు." గుడ్డివాడు గోడ తడుముతూ ఇంట్లో దారి చెప్పినట్టు ఉండేది. ఆ దారి ఎప్పుడూ తప్పేది కాదు.

ఆయన భార్య అరిసత్. కొండపల్లె పిల్ల, ఆలివ్ తోటలవాళ్ళ ఆడపడుచు. చదువు లేదు. లాటిన్ అర్థమయ్యేది కానీ మాట్లాడితే ప్యూనికే. ఇల్లు వసారా వెనకే కాబట్టి పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడకి రోజంతా ఆరు గణాల మోత. బార్లీ విసురుతూ వింటూ ఉండేది. నేను పుస్తకం కోసం వెళ్తే ముందు జావ గిన్నె చేతిలో పెట్టేది. "నిలబడి తాగకు, కూర్చో," అనేది ఎవరొచ్చినా.

ఆవిడకి మా చదువంటే గౌరవం ఉండేది కాదు. చులకనా కాదు, వేళాకోళం.

"ఇవాళ ఎన్ని పొడుగులు అమ్మావు, ఎన్ని పొట్టివి అమ్మావు?" అని అడిగేది ఆయన బడి ముగించి లోపలికి రాగానే.

"పొడుగువి అన్నీ చెల్లాయి. పొట్టివి రేపటికి మిగిలాయి."

"అవి జావలో వేసుకో, చిక్కబడుతుంది."

ఒకసారి నేను ఉండగానే అంది, "ఊళ్ళో చచ్చిన ప్రతివాడి పేరూ పద్యంలో ఎక్కిస్తావు. బతికున్న పెళ్ళాం పేరు ఎక్కడైనా ఎక్కించావా?"

"ముందు చావు. ఎక్కిస్తాను."

"మాట తప్పవుగా?"

"గాదియో సాక్షి," అన్నారాయన నన్ను చూపించి. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆవిడ ఎండలు తగ్గే రోజుల్లో జ్వరంతో పోయింది. వాళ్ళకి పిల్లలు లేరు. ఖననం అయ్యాక రాయి మాట వచ్చింది. సమాధి మీద బల్లలా పరిచే రాయి, చలికాలం చివర పెద్దల దినాల్లో దాని మీద భోజనం పెట్టడానికి. రాళ్ళు చెక్కే మిగ్గిన్ మంచి పలక ఒకటి తీసి ఉంచాడు. ఆలివ్ కోతలయ్యాక అతని మనుషులంతా తెవెస్తేలో కట్టే గుడి పనికి వెళ్ళిపోతున్నారు, ఎప్పుడొస్తారో తెలియదు. ఈలోపు పద్యం ఇవ్వాలి. అయ్యవారికి అదేం లెక్క అనుకున్నాం.

కోతలు మొదలైనా పద్యం రాలేదు. దుఃఖమేమో అనుకుని నేను అడగలేదు. ఒకరోజు ఆయనే చెప్పారు.

"ఆమె పేరుకి సాక్ష్యం లేదు, గాదియో."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఏ కవీ వాడలేదు. ఎందుకు వాడతాడు? కొండపల్లె పేరు. మొదటి అచ్చు పొడుగో, మధ్యది పొడుగో, రెండూ పొట్టివో చెప్పేవాడు లేడు. రెండూ పొట్టివైతే రెండో పాదంలో చక్కగా కూర్చుంటుంది. మధ్యది పొడుగైతే చోటు మార్చాలి. మొదటిది పొడుగై మధ్యది పొట్టిదైతే ఆరు గణాల్లో అసలు పట్టదు, పక్కన అచ్చుతో మొదలయ్యే మాట తెచ్చిపెట్టి గట్టెక్కించాలి. మూడు రకాలుగానూ కట్టాను. మూడు పద్యాలూ బాగానే ఉన్నాయి." ఆగి అన్నారు, "ఒకటే నిజం. ఏదో తెలీదు."

"పేర్లకి మినహాయింపు ఉందని మీరే చెప్పేవారు కదా. కవి ఎలా ఇముడ్చుకుంటే అలా."

"అవును, చెప్పాను."

"మరి?"

ఆయన వేలు మోకాలి మీద గణాలు తట్టింది.

నేను ఇంకో దారి చూపించాను. పన్ను చిట్టాలో ఆవిడ పేరు ఆప్టాటా అని ఉంటుంది. మా ఇళ్ళల్లో ప్యూనిక్ పేరు ఒకటి, దాని అర్థానికి సరిపడే లాటిన్ పేరు ఒకటి ఉండటం మామూలే. రెంటికీ కోరుకున్నది అనే అర్థం. ఆప్టాటా అయితే పాత కవుల్లో కావలసినంత సాక్ష్యం ఉంది. ప్రతి అక్షరం తెలుసు.

"ఆ పేరు పన్ను వసూలువాడికి తప్ప ఎవరికీ తెలీదు," అన్నారు అయ్యవారు. "ఆ పేరుతో పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు."

సంగతి ఊళ్ళో పాకింది. బట్టలు తొక్కి తెల్లబరిచే ముత్తుంబాల్ దుకాణం ముందు నుంచి మేం వెళ్తుంటే అతను తొట్టిలోంచే కేకేశాడు. అయ్యవారి ఈడువాడు, చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు.

"ఏం అయ్యవారూ, పెళ్ళాం పేరు మర్చిపోయావంట?"

"మర్చిపోలేదు. కొలత తెలీదు."

"మా అమ్మ ఇజెల్త పోయినప్పుడు ఎంతసేపు కొలిచావు? నేను దుప్పటి పిండేలోపు పద్యం చేతిలో పెట్టావు."

"పెట్టాను."

"ఇంతకీ మా అమ్మది పొడుగు పెట్టావా, పొట్టి పెట్టావా?"

"పొట్టి."

"మనిషీ పొట్టిదేలే," అని నవ్వాడు ముత్తుంబాల్. తొట్టిలో కాళ్ళు ఆడిస్తూ కాసేపు తొక్కాడు. తర్వాత ఆగాడు. "నిజంగా పొట్టేనా?"

"నాకు తెలీదు, ముత్తుంబాల్."

"మరి ఎందుకు పెట్టావు?"

"పాదంలో పొట్టికే చోటుంది."

ముత్తుంబాల్ ఈసారి నవ్వలేదు. చేతులు గట్టు మీద ఆన్చి అయ్యవారి వైపు చూశాడు. "పోనీలే," అన్నాడు చివరికి. "మా అమ్మకి చదవడం రాదుగా. నీ పెళ్ళానికీ రాదు. నువ్వు ఏది పెట్టినా ఆవిడ దెబ్బలాటకి రాదు. పెట్టేసి ఇంటికి పో."

అది మంచి మాటే. అయ్యవారు తల ఊపారు కూడా. కానీ ఇంటికి వెళ్ళేటప్పుడు సమాధుల దారిన నడిచారు. ఇజెల్త రాయి దగ్గర నిలబడ్డారు. ఆ తర్వాత ఇంకో రాయి, ఇంకొకటి. కొండ పేర్లూ, ఎడారి పేర్లూ, వలసవాళ్ళ పేర్లూ. ఒక్కోదాని ముందూ నిలబడి పైకి చదివి కదిలారు. నేను వెనక నడిచాను.

తర్వాత ఒక మధ్యాహ్నం నేను పుస్తకం తిరిగి ఇద్దామని వెళ్ళాను. బడి వదిలేశారు. పెరట్లోంచి ఆయన గొంతు వినపడింది.

"అరిసత్. తాళం చెవి ఎక్కడ పెట్టావు?"

పోయినవాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టిన ముసలాళ్ళని నేను చూశాను. తెర తొలగించి చూశాను. ఆయన తిరగలి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. కుడిచేతి వేలు పీట అంచు మీద ఉంది.

"అరిసత్, నీళ్ళు కావాలి," అని మళ్ళీ పిలిచారు, వంటింటి వైపు తిరిగి. వేలు కదిలింది. నన్ను చూసి ఏమీ దాచుకోలేదు. "రా, కూర్చో. నువ్వైనా విను."

"ఏం చేస్తున్నారు?"

"ఉత్త పేరు పలికితే అప్పజెప్పినట్టు వస్తోంది. అందుకని ఏదో ఒకటి అడుగుతున్నాను. అడిగితే అసలు పిలుపు వస్తుందేమోనని." వేలు మళ్ళీ పీట అంచు మీద పెట్టారు. "రోజుకి ఎన్నిసార్లు పిలిచి ఉంటానో. ఎలా పిలిచానో నాకే తెలీదు. ఊనిక ముందక్షరం మీద వేస్తున్నాను, అంతవరకు తెలుస్తోంది. ఊనిక వేసినంత మాత్రాన గురువు కాదు కదా. అది మొదటి రోజు పాఠం."

"మళ్ళీ పిలవండి," అన్నాను.

పిలిచారు. పిండి అయిపోయిందా అని అడిగారు. పిల్లలంతా వెళ్ళారా అని అడిగారు. నేను చెవి రిక్కించి విన్నాను. నాకు వినపడింది ముసలి గొంతు మాత్రమే. అది చివర్లో కాస్త వణికింది. వణికిన అక్షరాన్ని ఎలా కొలవాలి?

"ఏమంటావు?"

"నాకు తెలియడం లేదు, అయ్యవారూ."

"నాకూ అంతే," అన్నారు. "ఆమె పలికితే పట్టుకునేవాణ్ణేమో. కానీ ఎవరి పేరు వాళ్ళు ఎప్పుడు పలుకుతారు? ఆమె నోట ఆ పేరు నేను వినలేదు. పెళ్ళిలో తప్ప."

కొండపల్లెలో ఆవిడ అన్న బారిక్ ఉన్నాడు. పుట్టినింట్లో పేరు ఎలా పలుకుతారో వినివద్దామని ఆయన అన్నప్పుడు నాకూ ఆశ పుట్టింది. ప్యూనిక్‌లో పొడుగూ పొట్టీ ఇంకా బతికే ఉన్నాయని ఎవరో అనగా విన్నాను. గాడిద మీద ఆయన్ని ఎక్కించుకుని, పక్కన నడుస్తూ వెళ్ళాను. బారిక్ ఇంటి ముందు గానుగ తిరుగుతోంది. అతను బావని చూసి చేతులు గోచీకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంది బావా, ఇంత దూరం వచ్చినావు? చెల్లెలు పోయినాక ఇటు దారి మర్చిపోతావనుకున్నా."

కొత్త నూనెలో ముంచిన రొట్టె పెట్టారు. తిన్నాక అయ్యవారు వచ్చిన పని చెప్పారు. బారిక్ మొదట వేళాకోళం అనుకున్నాడు. తర్వాత ఆయన ముఖం చూశాడు.

"పేరు పలకాలా? అంతేనా? అరిసత్." పలికి, ఏదైనా జరుగుతుందేమోనని చూశాడు. "సరిపోయిందా?"

అయ్యవారి వేలు మోకాలి మీద కదిలి ఆగింది. "చిన్నప్పుడు ఎలా పిలిచేవాళ్ళో అలా పిలు."

"చిన్నప్పుడు ఎక్కడ పిల్చినాం? తిట్టినాం. గొర్రెలు వదిలేసి ఆ గట్టు మీద కూర్చునేది." బారిక్ లేచి గుమ్మం బయటికి వెళ్ళి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, లోయకి అవతల వినపడేలా సాగదీసి పిలిచాడు. మధ్య అక్షరం కొండ దాకా వెళ్ళి వచ్చింది. గానుగ దగ్గర పనివాళ్ళు తిరిగి చూశారు. బారిక్ చాలాసేపు అటే నిలబడ్డాడు.

"ఇంట్లో అయితే అట్లా కాదు," అన్నాడు లోపలికి వచ్చి, గొంతు తగ్గించి. "ఇంట్లో ముక్కున పడేసినట్టు అనేవాళ్ళం. ఇట్లా." పలికాడు. మూడు అక్షరాలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "మా నాయన ఇంకో రకం. ఆయనకి పళ్ళు లేవు."

"మీ అమ్మ?" అన్నారు అయ్యవారు. "పేరు పెట్టింది ఆవిడే కదా. ఆవిడ ఎలా అనేది?"

బారిక్ నోరు తెరిచాడు. మూశాడు. ముఖంలో ఏదో వెతుకులాట కనిపించింది. ఒకసారి పలికి, తల అడ్డంగా ఊపి, ఇంకోసారి పలికాడు.

"కాదు," అన్నాడు. "అట్లా కాదు. ఇంకెట్లనో ఉండేది. నోటి చివర ఉంది బావా, రాలేదు." కాసేపటికి అతనికి కోపం వచ్చింది. "చెల్లెలు నీ ఇంట్లో జీవితమంతా ఉండింది. ఈ మాట అడిగేదానికి ఇప్పుడా తీరింది నీకు? అది ఉన్నప్పుడు అడిగుంటే అదే చెప్పేది కదా."

"అవును," అన్నారు అయ్యవారు.

"నేనేమో ముసలోడిని. నాకు ఇప్పుడు అన్నీ ఒకే రకంగా వినపడతాయి."

"నాకు ఎప్పుడూ అంతే, బారిక్."

దిగేటప్పుడు ఆయన గాడిద మీద కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఏదో పాదం వెతుకుతున్నారనుకున్నాను. వెతకడానికి పాదమేదీ లేదని ఆయనకే బాగా తెలుసు.

ఊళ్ళో మిగ్గిన్ బళ్ళు సిద్ధమయ్యాయి. అతను పలక పక్కనే కూర్చుని మా కోసం ఎదురుచూస్తున్నాడు. పలక నున్నగా అరగదీసి ఉంది, గీతలు కూడా గీసి ఉంచాడు.

"మాట తేల్చండి అయ్యవారూ. ఎద్దుల్ని కట్టేశారు."

"మూడున్నాయి, మిగ్గిన్. ఏది ఇవ్వాలో తెలీదు."

"ఏదో ఒకటి ఇవ్వండి. చెక్కాక అదే నిజం. నేను చెక్కిన తప్పులు ఊరంతా ఉన్నాయి, జనం వాటికే మొక్కుతున్నారు."

అయ్యవారు మూడు పద్యాలూ నోటితో చదివారు. మొదటి దానిలో ఆవిడ పేరు చకచకా పరిగెత్తింది. రెండో దానిలో మధ్యలో కాలు సాచుకుని కూర్చుంది. మూడో దానిలో పక్క మాట భుజం పట్టుకుని నడిచింది. ముగ్గురు వేర్వేరు ఆడవాళ్ళని చూసినట్టు ఉంది నాకు.

"ఇందులో ఇద్దర్ని నేను ఎరగను," అన్నారాయన. "నేను ఎరిగిన మూడో ఆవిడ వీళ్ళలో ఎవరో చెప్పలేను."

మిగ్గిన్ ఉలి గోకుతూ ఆలోచించాడు. "పేరు పద్యంలో వద్దు. పైన వేరే వరసలో వేస్తాను, పెద్ద అక్షరాలతో. పైన వరసకి గణాలూ గిణాలూ అక్కర్లేదు కదా? పేరూ, ఎన్నేళ్ళు బతికిందో ఆ వయసూ, అంతే. కింద పద్యం. చాలామందికి అలాగే వేశాను."

"ఆ చాలామందికి పద్యం కట్టినవాడు చేతకానివాడు."

"అయ్యుండచ్చు. రాయి మాత్రం బాగానే ఉంది."

నేను ఏదో ఒకటి అనాల్సిన చోటు అదే. ఆయన నా వైపు చూశారు కూడా. ఆవిడకి మాట ఇచ్చినప్పుడు నేను సాక్షిని. అలా వేయించండి అంటే ఆయన మాట తప్పినట్టు. వద్దంటే ఆవిడకి రాయే ఉండదు. నేను నేల చూశాను. బయట ఎద్దు మెడగంట మోగింది.

అప్పుడు ఆయన అక్కడే నిలబడి నాలుగో పద్యం కట్టారు. వేలు పలక అంచు మీద ఆడుతుంటే మాటలు వాటంతటవే వచ్చినట్టు వచ్చాయి. అందులో ప్రతి మాటకీ సాక్ష్యం ఉంది, ప్రతి అచ్చుకీ ఆధారం ఉంది. మిగ్గిన్ మైనపు పలక మీద రాసుకుని, చెక్కడానికి తను ఆగి బళ్ళని ముందు పంపేశాడు. దాన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే ఇంత: దారిన పోయేవాడా, ఈ రాయి వెనక ఒక ఇల్లు చల్లబడింది. ఆ ఇంటి పొయ్యి వెలిగించిన చెయ్యి ఇక్కడ ఉంది. నడిచి అలసిపోతే కూర్చో. ఈమె ఎవర్నీ నిలబెట్టి మాట్లాడేది కాదు.

"పేరు పైన వెయ్యి," అన్నారు అయ్యవారు. అని, వెంటనే బయటికి వచ్చేశారు. దారిలో ఒక్కసారి మాత్రం ఆగారు. "పద్యం ఇంట్లో కూర్చుంది. ఆమె గుమ్మం బయట నిలబడింది," అన్నారు.

పెద్దల దినాలకి రాయి సిద్ధంగా ఉంది. బారిక్ కొత్త నూనె తెచ్చాడు. ముత్తుంబాల్ తెల్లటి గుడ్డ పరిచాడు. రాతి బల్ల మీద రొట్టె, ఆలివ్‌లు పెట్టి, సమాధిలోకి దించిన గొట్టంలోంచి ద్రాక్షసారా వంచాం. ముత్తుంబాల్ పద్యం పైకి చదివి, ఇంత బాగా ఎవరికీ కట్టలేదన్నాడు. తన తల్లి మాట ఎత్తలేదు. నిజానికి అది ఆయన కట్టినవాటిలో అన్నిటికన్నా మంచిది. ఇప్పటికీ కార్తేజ్ నుంచి వచ్చేవాళ్ళు దాన్ని రాసుకుపోతుంటారు.

అయ్యవారు బడి మానలేదు. పిల్లలు మాట అడిగితే పాదం చెప్పేవారు. సమాధి పద్యాలు మాత్రం ఇక కట్టలేదు. ఎవరైనా వస్తే, లాటిన్ పేరైతే ఎవరితోనైనా కట్టించుకోండి, మన పేరైతే నాకు రాదు, అనేవారు. అది గర్వమనుకుని కొందరు నొచ్చుకున్నారు.

సాయంత్రాలు నన్ను తీసుకుని సమాధి దగ్గరికి వచ్చేవారు. రాయికి ఎడంగా, గోడ నీడలో కూర్చునేవాళ్ళం. దారిన పోయేవాళ్ళు పద్యం ఉన్న రాయి చూస్తే ఆగి పైకి చదవడం అలవాటు. చదివేటప్పుడు పేరు కూడా పలుకుతారు కదా, ఎవరి నోటైనా అది సరిగ్గా పడుతుందేమో, పడితే తను గుర్తుపడతానేమో. అలా అని ఆయన నాకు చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలుసు.

ఒకరోజు కంచరగాడిదలు తోలుకొచ్చే మనిషి ఒకడు ఆగాడు. దూరం నుంచి వచ్చినట్టుంది, కాళ్ళ నిండా దుమ్ము. పద్యం మొదటి పాదం తడుముకుని, రెండో పాదానికి ఊపందుకుని, మిగతాది బాగానే చదివాడు. చదివి నవ్వి, నిజంగానే రాతి బల్ల అంచు మీద కూర్చున్నాడు. నీళ్ళ తిత్తి తీసి తాగాడు.

"ఎవరో బాగా కట్టాడయ్యా," అన్నాడు మమ్మల్ని చూసి. లేచి, కంచరగాడిదల్ని అదిలించి వెళ్ళిపోయాడు.

అందరూ అంతే. పద్యం చదువుతారు. పైన ఉన్న పేరు వరసని, ఇంట్లోకి వెళ్ళేటప్పుడు గడప దాటినట్టు దాటేస్తారు.

"పద్యం బాగుందన్నాడు," అన్నారు అయ్యవారు.

"అన్నాడు."

"ఎవరి మీదో చూడలేదు."

ఎండ గోడ దిగిపోతోంది. ఇంటికి వెళ్దామా అని అడిగాను. ఆయన దారి మలుపు వైపు చూస్తున్నారు. అక్కడ ఇంకో బండి కనిపిస్తోంది, ముందు ఒక ఆడమనిషి నడుస్తోంది.

"ఆవిడ వచ్చేదాకా ఉందాం," అన్నారు.

ఉన్నాం. ఆవిడ రాయి ముందు ఆగి అక్షరాలు చూసింది. ఆవిడకి చదవడం రాదు.